పందిట్లో కాయ... డబ్బాలో గింజ!

రథసప్తమి వస్తోందంటే పెరట్లో చిక్కుడుపాదుకు ఎక్కడలేని గిరాకీ. కాయలకు చీపురుపుల్లలు గుచ్చి సూర్యభగవానుడికి రథం కడతారు. ఆకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతారు. ఆ పండగ వెళ్లాక పాదును పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఏడాది సరిపడా గింజలు దాచుకోవాల్సింది అప్పుడే. తరతరాలుగా వస్తున్న ఇంటి రకం ఒక్క ఏడాది పుచ్చిపోయిందా, మళ్లీ బజార్లో దొరుకుతుందన్న భరోసా లేదు.

ఎక్కడ, ఎప్పుడు?

చిక్కుడుకు నీరు నిలిస్తే గిట్టదు. ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెట్ట ఎర్రనేలల్లో ఆ బెంగ లేదు. కొల్లేరు వైపు నల్లమట్టి పెరళ్లలో మాత్రం మట్టిని ఎత్తుగా పోసి పాదు కట్టాలి. మాగిన పశువుల ఎరువు కలిపి, ఆషాఢ శ్రావణాల్లో పాదుకు రెండు మూడు గింజలు పెడితే చాలు. పాతరకం పందిరి చిక్కుడు పగటిపొద్దు తగ్గితేగానీ పూతకు రాదు. వేసవిలో పెడితే నెలల తరబడి తీగ సాగడమే! చలికాలంలో పూగుత్తులకు పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లాలి.

ఎండబెట్టడంలోనే ఉంది

బలమైన తీగ మీది మంచి కాయల్ని కోయకుండా వదిలేయండి. కాయ ఎండి, ఊపితే లోపల గింజ గలగలమన్నాక కోసి, వలిచి, రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. పంటితో కొరికితే నొక్కు పడకుండా టక్కున విరగాలి. గింజ మీద తెల్లటి చుక్కలుంటే అవి పురుగు గుడ్లు. పురుగు చేనులోనే కాయ మీద గుడ్లు పెట్టి, గింజతోపాటే ఇంట్లోకి వస్తుంది. అలాంటివి ఏరేయాలి. విత్తనాలకు జల్లించిన కట్టెల బూడిద, తినే గింజలకు చెయ్యి తడిసేంత ఆముదం పట్టించి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోయాలి.

వండేముందు...

ఎండుగింజల్ని, అందులోనూ ముదురు రంగువాటిని, నానబెట్టకుండా వండకూడదు. వాటిలో సయనైడ్‌ను పుట్టించే పదార్థాలు ఉండొచ్చు. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. మూతపెట్టకుండా పది నిమిషాలు మరిగించి ఆ నీళ్లూ వంపేయాలి. తర్వాత కొత్తనీళ్లతో మెత్తగా ఉడికించాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు పెట్టి, వంకాయ ముక్కలు మగ్గాక ఈ గింజలు వేసి, దించేముందు కొబ్బరికారం చల్లితే వేడన్నంలోకి కమ్మటి కూర.

అన్నట్టు, మొత్తం వండేయకండి. వచ్చే ఆషాఢానికి గుప్పెడు గింజలు అట్టేపెట్టండి. ఇరుగుపొరుగుకీ నాలుగు పంచండి. మీ డబ్బాలోవి పుచ్చినా, వాళ్ల పందిట్లో ఆ రకం బతికే ఉంటుంది.