పెద్దల మధుమేహమునకు కొత్త కాపలా

తాతగారు రాత్రి ఇన్సులిన్ సూది వేయించుకొన్నారు. ఆకలి లేదని గ్లాసుడు మజ్జిగతో సరిపుచ్చుకొని పడుకొన్నారు. తెల్లవారుజామున లేవబోయి తూలిపడ్డారు. పొంతన లేని మాటలాడుతున్నారు. వయసు మీద పడిందని ఇంటిల్లిపాదీ అనుకొంటారు. కాని అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చును.

మధుమేహమనగానే చక్కెర పెరగడానికే మనం భయపడతాము. వృద్ధులను గంటలలో ప్రాణాపాయానికి తేగలది అది తగ్గడమే. పడుచువారిని చెమట, వణుకు, గుండెదడ ముందే హెచ్చరిస్తాయి. చాలా ఏండ్లుగా ఇన్సులిన్ వాడే పెద్దలలో ఆ హెచ్చరికలు తరచు మొద్దుబారిపోతాయి.

వెనుకటి రోజులలో మూత్రాన్ని బెనెడిక్టు ద్రావకంతో కాచి, ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగులను బట్టి చక్కెరను అంచనా కట్టేవారు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేగాని సాధారణంగా మూత్రంలోకి రాదు. కనుక తగ్గిన సంగతి ఆ పరీక్షకు తెలియదు. తరువాత వచ్చిన వేలికొన పరీక్ష, పొడిచిన క్షణం మాట మాత్రమే చెబుతుంది.

ఇప్పటి సెన్సారు ఇంచుమించు రూపాయి బిళ్ళంత ఉంటుంది. దానిని జబ్బకు అతికిస్తారు. వెంట్రుక వంటి దాని తీగ చర్మం క్రింది ద్రవంలోని చక్కెరను కొద్ది నిమిషాల కొకసారి కొలిచి ఫోనుకు పంపుతుంది. 70కి దిగితే గంట మ్రోగేటట్లు అమర్చుకోవచ్చును. పొరుగూరిలోనున్న కొడుకు ఫోనులో కూడ ఆ అంకె కనబడుతుంది. పది పదిహేను రోజులకు కొత్తది పెట్టుకోవలెను. ఖర్చు తక్కువేమీ కాదు.

అమెరికాలో 60 ఏండ్లు, ఆ పైబడిన మొదటి రకం మధుమేహులు 203 మందిపై జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. సెన్సారు పెట్టుకొన్నవారికి చక్కెర 70 కంటె తక్కువగా ఉండే కాలం రోజుకు 73 నిమిషాల నుండి 39కి తగ్గింది. వేలికొన పరీక్షతోనే గడిపినవారికి తగ్గలేదు.

ఇది అందరికీ అవసరమని కాదు. ఇన్సులిన్‌గాని, గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు వంటి మాత్రలుగాని వాడే పెద్దల విషయంలో వైద్యుని అడుగవలెను. సెన్సారున్న చేతిమీద ఒత్తిగిలి పడుకొంటే లేని తగ్గుదల చూపవచ్చును. అనుమానం కలిగితే వేలికొన పరీక్ష చేయవలెను.

తగ్గినదని తేలితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించి, పావుగంటకు మళ్ళీ పరీక్షించి, ఆపైన ఏదైనా తినిపించవలెను. స్పృహ లేనివారికి నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. గంట మ్రోగించడం వరకే యంత్రం పని. పంచదార డబ్బా పడక దగ్గర ఉంచడం ఇంటివారి పని.