నెర్రెలు నోళ్లు తెరిచిన నేల

రండి పిల్లలూ, ఆ చాప ఇటు లాగండి. క్రిస్మస్‌కు మెదక్ చర్చికి బస్సెక్కేవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. దారిలో ఏం చూశారని అడిగితే గంట గోపురం అంటారు. అది చివర్లో కదరా వచ్చేది! నేనడిగేది దారి సంగతి.

నారాయణఖేడ్ దాటితే కిటికీ నిండా నల్లరేగడే. కంది, పత్తి, జొన్న. ఏనాడో, ఆరున్నర కోట్ల ఏళ్ల కింద, భూమి చీలి రాతిరసం పొంగింది. కుండలో అంబలి పొంగి పొయ్యి చుట్టూ పరుచుకోదూ, అట్లా దక్కను మీద పరుచుకుంది. ఆరి నల్లరాయి అయింది. ఆ రాయే ఎండకూ వానకూ చివికి చివికి మన రేగడి. మంజీర దాటి మెదక్ దగ్గరయ్యేకొద్దీ పెద్దపెద్ద గుండ్లు, ఎర్ర చెల్కలు కనిపిస్తాయి. అక్కడి రాయి దీనికంటే ఎంతో ముసలిది.

విత్తేవాడి ఉపమానం సండే స్కూల్లో విన్నారుగా. యేసు చెప్పిన నాలుగు నేలలూ ఆ కిటికీలోనే ఉన్నాయి: తొక్కిన బాట, పైన బెత్తెడు మట్టి ఉన్న బండ, తుమ్మకంప పెరిగిన గట్టు, మంచి నేల. చిన్నప్పుడు నేను మంచి నేలంటే మా అమ్మ అలికిన వాకిలిలా నున్నగా ఉంటుందనుకునేవాణ్ణి. ఓ ఎండాకాలం మా నాయన చేనుకు తీసుకుపోయి, నెర్రెలో చేతికర్ర దించాడు. సగానికి పైగా దిగిపోయింది! "మంచి నేల ఇదేరా" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత తెలిసింది. రేగడి మట్టి రేణువులు కంటికి ఆనవు గానీ, జొన్నరొట్టెల దొంతర లాంటివి. రొట్టెకూ రొట్టెకూ మధ్య నీళ్లు దూరితే దొంతర ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. అందుకే ఆ నెర్రెలు. పైనున్న పొడిమట్టి వాటిలో రాలుతుంది, వానకు లోపలి మట్టి ఉబ్బి పైకి తోస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నేల తన్ను తానే తిరగేసుకుంటుంది. తొలి వాన నీళ్లు కూడా ఆ నోళ్లలోంచే లోతుకు పోతాయి. తర్వాత నెర్రెలు మూసుకుంటాయి, తడి లోపలే ఉంటుంది. యాసంగి జొన్న వాన చుక్క లేకున్నా కంకి వేసేది ఆ తడి మీదే. ఉపమానంలో మంచి నేల నూరంతలు పండింది కదా, మన జొన్న మంచి కంకిలో వెయ్యికి పైగా గింజలుంటాయి!

అప్పటినుంచి ఆ ఉపమానం చదివినప్పుడల్లా నాకు పగిలిన నేలే కళ్ల ముందు నిలుస్తుంది. దుఃఖంతో నెర్రెలిచ్చిన మనసు పాడైపోయిందని నేనెన్నడూ అనను. దేవుని మాట దిగడానికి దానికి దారి ఉంది.

మెదక్ చర్చి చూడండి. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. నేల నోరెండిన కాలంలోనే లేచింది.

ఈసారి కిటికీ పక్కన కూర్చోండి, ఫోను సంచిలో పెట్టండి. ఎండాకాలం సెలవుల్లో మాత్రం ఒక కర్ర తీసుకుని చేనుకు పోయి నెర్రెలో దించండి. ఎంత లోతు పోయిందో నాకొచ్చి చెప్పాలి, మరిచిపోవద్దు.