బస్తర్ దసరా రథం: చిన్న చెక్క నమూనా తయారీ

మీలో చాలామంది కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు చూసి ఉంటారు. అవి పొనికి చెక్కతో చేసిన బొమ్మలు. కొలతలు పాటించి చేసిన నమూనా వీటికి భిన్నమైనది. అసలు వస్తువులో ఏ భాగం ఎంత ఉందో నమూనాలోనూ అదే నిష్పత్తిలో ఉండాలి. దాని వయసు, అది తిన్న ఎండా వానా కూడా నమూనాలో కనిపించాలి. ఈ పాఠంలో బస్తర్ దసరా రథాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ పని ఎలా చేయాలో తెలుసుకుందాం.

ఏటా పుట్టే రథం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ మనకు పొరుగు ప్రాంతం. బస్తర్ రాజవంశ మూలపురుషుడైన అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. జగదల్‌పూర్‌లో జరిగే దసరాలో రావణ దహనం ఉండదు. అది దంతేశ్వరీ దేవి పండుగ. మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాడు రథం పనికి తెచ్చిన దుంగకు పూజ జరుగుతుంది. పండుగ దాదాపు 75 రోజులు సాగుతుంది.

15వ శతాబ్దంలో పురుషోత్తమదేవుడు అనే రాజు పూరీ వెళ్లి రథం నడిపే అధికారం పొందాడని, అప్పటినుంచి ఈ ఆచారం వచ్చిందని చెబుతారు. ఇప్పుడు నాలుగు చక్రాల పూల రథం, ఎనిమిది చక్రాల విజయ రథం నడుస్తున్నాయి. ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది రెండోది కొత్తగా కడతారు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు, కమ్మరులు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. వారి చేతిలో ఉండేవి గొడ్డలి, బాడిస, ఉలి వంటి పనిముట్లు. ఏ దుంగను ఎక్కడ తొలచి ఎందులో దూర్చాలో వారు చేతి అలవాటుతోనే నేర్చుకుంటారు. రథాన్ని విప్పేశాక ఆ అతుకులు మళ్లీ చూడటానికి దొరకవు. నమూనా చేయాలంటే మాత్రం ప్రతి అతుకునూ చూసి తీరాలి. అందుకే ఈ కాలక్షేపానికి విలువ ఉంది.

కొలతలు తీసేముందు అక్కడివారిని అడగండి. అది పూజలో ఉండే రథం. అనుమతి లేకుండా ఎక్కకూడదు.

కొలత

అసలులో ఒక అడుగును నమూనాలో అర అంగుళంగా తీసుకుందాం. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి నమూనా అసలులో 24వ వంతు అవుతుంది. అయిదున్నర అడుగుల మనిషి ఇందులో రెండు ముప్పావు అంగుళాలు ఉంటాడు. అలాంటి మనిషి బొమ్మను అట్టతో కత్తిరించి ఎప్పుడూ పక్కన పెట్టుకోండి. చక్రం మరీ పెద్దదైతే మీ కన్ను వెంటనే పట్టేస్తుంది.

అసలు రథానికి వాడేది ముఖ్యంగా సాల కలప. గుగ్గిలం దొరికేది ఈ చెట్టునుంచే. అది గట్టి కలప. చిన్న ముక్కలుగా కోస్తే పగులుతుంది. నమూనాకు పొనికి, వెదురు చాలు. లాగే తాళ్లను బస్తర్‌లో అడ్డతీగ నారతో పేనుతారు. మనం విస్తళ్లు కుట్టే అడ్డాకు ఆ తీగదే. నమూనాకు నూలుదారం మూడు పురులు పేనితే సరిపోతుంది.

ముదురు రంగు ఎలా వస్తుంది?

కొత్త కలప గోధుమరంగులో ఉంటుంది. కొన్ని నెలలు బయట ఉంటే బూడిదరంగుకు మారుతుంది. దీనికి కారణం దుమ్ము మాత్రమే కాదు. కలపలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని లిగ్నిన్‌ను విడగొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన సెల్యులోజ్ పీచు తెల్లగా, బూడిదగా కనిపిస్తుంది. దానిపై పెరిగే బూజు నల్లని ఛాయ తెస్తుంది. ఈ మార్పు మిల్లీమీటరు కంటే తక్కువ లోతులోనే జరుగుతుంది. మెత్తని కలప నూరేళ్లు బయట ఉన్నా అరిగేది సుమారు 6 మిల్లీమీటర్లే. గట్టి కలప ఇంకా తక్కువ అరుగుతుంది.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పాతగా కనిపించాలని కత్తితో లోతుగా గీతలు గీస్తారు. లెక్క చూడండి. అసలు రథంలో 3 మిల్లీమీటర్ల పగులు నమూనాలో 0.13 మిల్లీమీటర్లు మాత్రమే. అది నోటుపుస్తకం కాగితం మందం కంటే కొద్దిగా ఎక్కువ. పైగా ఈ రథం వయసు ఒకటి రెండేళ్లు, శిథిలమైన ఇల్లు కాదు. దానికి రంగు మారాలి గాని ఆకారం చెడకూడదు.

రంగు వేసే పద్ధతి

కరక్కాయ పెచ్చులు దంచి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. బస్తర్ అడవుల్లో కరక్కాయ బాగా దొరుకుతుంది. వేరే సీసాలో వినెగర్ పోసి, తుప్పు పట్టే మామూలు ఇనుప మేకులు వేసి కొన్ని రోజులు ఉంచండి. మూత బిగించకండి. లోపల వాయువు పుడుతుంది, సీసా పగలవచ్చు. పిల్లలకు అందకుండా పెట్టండి.

చెక్కకు ముందు కరక్కాయ నీరు పూసి ఆరనివ్వండి. తర్వాత ఇనుప నీటిని బాగా పలుచన చేసి పూయండి. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి చెక్క మీ కళ్లముందే బూడిదరంగుకు తిరుగుతుంది. చిక్కగా పూస్తే నల్లబడుతుంది. కలంకారీ వస్త్రంపై నలుపు వచ్చేదీ ఈ సూత్రంతోనే. అక్కడ వినెగర్ బదులు బెల్లం నీళ్లలో ఇనుము నానబెడతారు. టానిన్ ఉన్న కలపలో మేకు దిగిన చోట వానకు నల్లమరక దిగడం మీరు చూసే ఉంటారు. నమూనాలో ఇనుప కట్ల కింద పుల్లతో ఒక చుక్క చాలు.

రంగు వేశాకే ముక్కలు అతికించాలి. ముందే అతికిస్తే జిగురు తగిలిన చోట రంగు పట్టదు. అక్కడ తెల్లని మచ్చలు మిగిలిపోతాయి. వాటిని దాచడం చాలా కష్టం.

వాన పడే పైభాగం బూడిదగా, కిందిభాగం గోధుమరంగులో ఉండాలి. ఎర్రమట్టిని పలుచని గుడ్డలో జల్లించి చక్రాల కిందివైపు అద్దండి. జల్లించకుండా వేస్తే ఒక్కో మట్టిరేణువు నమూనాలో గులకరాయిలా కనిపిస్తుంది.

మీరే చేసి చూడండి

1. మీరు కొలిచిన చక్రం ఎత్తు 4 అడుగులు అనుకోండి. నమూనాలో ఎన్ని అంగుళాలు ఉండాలి?

2. ఒకే చెక్కనుంచి రెండు ముక్కలు కోయండి. ఒకదానికి కరక్కాయ నీరు పూయండి, రెండోదానికి వద్దు. రెండింటిపై ఇనుప నీరు పూసి ఏమి తేడా వచ్చిందో రాయండి.

(జవాబు 1: 2 అంగుళాలు)