ఆరింటికే గేటు మూస్తే...

వేసవి సెలవులు ఇచ్చిన మర్నాటి నుంచే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లల్లో పిల్లలది ఒకటే పోరు: ‘నాయనా, వండర్‌లాకు ఎప్పుడు పోదాం?’ ఈ ఊళ్లకు హైదరాబాదు రాత్రంతా ప్రయాణం. విజయవాడా అంతే. బెంగళూరైతే పొద్దున బయల్దేరి చేరుకోవచ్చు. మదనపల్లె నుంచి సుమారు 120 కిలోమీటర్లు. కుప్పం నుంచి అంతకన్నా దగ్గర. పెద్దాస్పత్రికి పోవాలన్నా, పెళ్లిబట్టలు తేవాలన్నా, చదువు ముగిశాక పని వెతుక్కోవాలన్నా మన చూపు అటే. కుప్పం స్టేషన్లో చీకటితోనే రైలెక్కి, బెంగళూరులో పని ముగించుకుని, రాత్రికి ఇల్లు చేరేవాళ్లు ఎందరో. పిల్లల సరదా కూడా అదే దారి పట్టింది.

అయితే వండర్‌లా వినోద పార్కు నగరానికి మన వైపున లేదు. మైసూరు రోడ్డులో, బిడది దగ్గర, బెంగళూరు నుంచి ఇంకో 28 కిలోమీటర్లు పోవాలి. 2005లో తెరిచిన ఈ పార్కు విస్తీర్ణం 82 ఎకరాలు. రైడ్లు 60కి పైనే. మదనపల్లె వాళ్లు చింతామణి, హోస్కోటె మీదుగా వస్తారు. పుంగనూరు వాళ్లు ముళబాగిలు, కోలారు మీదుగా. కుప్పం వాళ్లు బంగారుపేట వైపు నుంచి. అందరం నగరానికి తూర్పున దిగుతాం, పార్కేమో పడమటి కొసన ఉంది. నడుమ మహానగరం మొత్తాన్నీ దాటాలి.

గేటు మామూలుగా ఉదయం 11కు తెరుస్తారు. పనిదినాల్లో సాయంత్రం 6కే మూత. శని, ఆదివారాల్లో, పెద్ద సెలవుల్లో 7 దాకా ఉంచుతారు. సీజన్‌ను బట్టి ఈ వేళలు మారుతుంటాయి. నీటి రైడ్లు మిగతావాటికన్నా ఆలస్యంగా మొదలై, ముందే ఆగిపోతాయి. లాకరు తీసుకోవడం, బట్టలు మార్చుకోవడం, భోజనం, మళ్లీ పొడిబట్టలు కట్టుకోవడం... వీటికే రెండు గంటలు పోతాయి. మిగిలేది ఐదు గంటలు. ఆ ఐదింటి కోసం మనిషికి వెయ్యి దాటే టికెట్టు, రానూ పోనూ పెట్రోలు, వేకువజామున లేచిన పిల్లల నిద్ర.

బెంగళూరులోనే ఉండే కుటుంబానికి ఒక గంట తగ్గితే పెద్ద ఇబ్బంది లేదు. ఈ ఆదివారం ఎక్కలేని రైడు మరో ఆదివారం ఎక్కుతారు. మన కుటుంబాలకు అది ఏడాదికొకసారి వచ్చే రోజు. టమాటా కోతల నడుమ, మార్కెట్లో ధర ఉన్న వారం, లేని వారం చూసుకుని తీసుకున్న సెలవు. అందుకే పార్కు వేళలు కుదించినప్పుడు దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. దూరం నుంచి వచ్చినవాళ్లకే ఎక్కువ తగులుతుంది. ఈ సంగతి పార్కులు పట్టించుకోవడం లేదు, మనమూ ముందుగా లెక్క వేసుకోవడం లేదు.

వేళలు ఎందుకు తగ్గుతాయి?

మామూలు కారణాలు అందరూ ఊహించగలిగినవే. జనం తక్కువగా వచ్చే నెలల్లో సిబ్బంది ఖర్చు, కరెంటు ఖర్చు కలిసి రావు. వెలుతురు తగ్గాక నీటి కొలనుల్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం కష్టం. యంత్రాలను రోజూ తనిఖీ చేయాలి, దానికి సమయం కావాలి. అసాధారణమైన కాలమూ ఒకటి చూశాం. 2020 మార్చిలో కరోనాతో మూతపడ్డ వినోద పార్కులకు అన్‌లాక్-5లో కేంద్రం అక్టోబరు 15 నుంచి అనుమతిచ్చింది. బెంగళూరు వండర్‌లా నవంబరులో మళ్లీ తెరుచుకుంది. అమెరికాలోని ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ ఆ జులై 11న తెరుచుకుని, సెప్టెంబరు నుంచి తన పార్కుల వేళలను గంట, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ తగ్గించింది. వాటిలో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌ను సాయంత్రం 6కే మూసేవారు.

ఓర్లాండో సంగతి మనకెందుకు అనుకోవద్దు. మదనపల్లెలో, పుంగనూరులో బిడ్డల్ని అమెరికాకు పంపిన ఇళ్లు తక్కువేమీ కాదు. మనవళ్లను చూడ్డానికి వెళ్లిన అవ్వాతాతలను ఓర్లాండో తీసుకెళ్లడం అక్కడి తెలుగు కుటుంబాలకు వాడుక. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చాలా రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సాయంత్రం హాలోవీన్ పార్టీ ఉంటుంది. దానికి వేరే టికెట్టు. మామూలు టికెట్టుతో వచ్చినవాళ్లు 6 గంటలకు బయటికి రావాల్సిందే. రాత్రి బాణసంచా చూద్దామని వచ్చిన కుటుంబానికి ఈ సంగతి గేటు దగ్గర తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ముందే తెలిసినవాళ్లు కావాలని అదే రోజును ఎంచుకుంటారు. త్వరగా మూస్తారని చాలామంది రారు. పగలంతా వరసలు పలచగా ఉంటాయి. 6 లోపే ఎక్కువ రైడ్లు ఎక్కి, హాయిగా హోటలుకు చేరుకుంటారు. నేను నమ్మేదీ ఇదే. గంట తగ్గినందువల్ల రోజు పాడైపోదు. తగ్గిందని ముందు తెలియకపోతేనే పాడవుతుంది.

మనకున్న పది రోజులు

ఇదే లెక్క బిడదికీ వర్తిస్తుంది, పైగా మనకు అనుకూలంగా. ఇటీవలి ఏళ్లలో కర్ణాటక బడులు మే నెలాఖరులోనే తెరుస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో జూన్ 12 దాకా సెలవులే. అంటే జూన్ మొదటి పది రోజులూ బెంగళూరు పిల్లలు బడిలో ఉంటారు, మన పిల్లలు ఇంట్లో ఉంటారు. ఆ రోజుల్లో మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే గేటు గంట ముందు మూస్తారన్నది నిజమే. కానీ మే నెల ఆదివారం వరసలో నిలబడి పోగొట్టుకునే సమయంతో పోలిస్తే ఆ గంట చిన్నది.

ఎందుకో చూడండి. ఒక రోలర్ కోస్టర్‌లో 24 మంది కూర్చునే బండి మూడు నిమిషాలకోసారి బయల్దేరుతుంది అనుకుందాం. గంటకు 480 మంది ఎక్కుతారు. మీ ముందు 480 మంది ఉంటే మీ వంతు గంట తర్వాతే. 120 మంది ఉంటే పావుగంటలో వస్తుంది. యంత్రం వేగం పెరగదు, మనిషి ఎంత తొందరపడ్డా లాభం లేదు. ముందున్న జనమే లెక్క. అందుకే గేటు తీసిన మొదటి గంట అన్నిటికన్నా విలువైనది. జనం ఇంకా లాకర్ల దగ్గర, ఫోటోల దగ్గర ఉంటారు. బాగా గిరాకీ ఉన్న రెండు మూడు పెద్ద రైడ్లు ఆ గంటలోనే పూర్తి చేయాలి. నీళ్ల ఆటలు మధ్యాహ్నం. భోజనం అందరూ తినే ఒంటిగంటకు కాకుండా పన్నెండున్నర లోపు, లేదా రెండున్నర తర్వాత.

నీళ్లు చాలని ఏడాది రైతు ఏ మడికి ముందు పారించాలో తేల్చుకున్నట్టు, ఏ రైడ్లు వదిలేయాలో ఇంట్లోనే తేల్చుకోవాలి. 60 రైడ్లూ ఎక్కాలని పోయిన కుటుంబం సాయంత్రానికి అలసి, అరుచుకుని, అన్నీ సగం సగం చూసి వస్తుంది. పిల్లలు ఒక్కొక్కరూ తమకు తప్పక కావాల్సినవి రెండు చెప్పాలి. అమ్మ ఒకటి, నాయన ఒకటి. వాటికి భరోసా ఇవ్వండి. మిగతావి దొరికితే దొరికినట్టు.

పిల్లల ఎత్తు గోడకు నిలబెట్టి కొలవడం మరిచిపోవద్దు. 140 సెంటీమీటర్లు లేనివాళ్లను చాలా పెద్ద రైడ్లలోకి ఎక్కించరు. అరగంట వరసలో నిలబడ్డాక పట్టీ పక్కన నిలబెట్టి ‘కుదరదు’ అంటే ఆ పసిముఖం చూడలేం. నీటి రైడ్లకు నూలు బట్టలు, జీన్స్, చీర, చుడీదార్ పనికిరావు. నైలాన్, పాలిస్టర్, లైక్రా బట్టలే కట్టుకోవాలి. మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఈ మాట తెలియక చీరలోనే వస్తారు. గట్టు మీద కూర్చుని పిల్లల చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ రోజంతా గడుపుతారు. వాళ్లకీ టికెట్టు కొన్నాం కదా! వారం ముందే మదనపల్లె బజారులోనే ఆ బట్టలు కొనిపెడితే పార్కు దుకాణంలో వరసలో నిలబడే పనీ తప్పుతుంది, అమ్మా నీళ్లలోకి దిగుతుంది. ఇది చిన్న సంగతిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బయటి తిండి లోపలికి రానివ్వరు. చిత్రాన్నం, పెరుగన్నం కారులోనే ఉండిపోతాయి. 11కు తెరిచే పార్కు వల్ల ఒక లాభం ఉంది. ముందే చేరితే బిడదిలో తట్టె ఇడ్లీ తినొచ్చు. వెడల్పాటి పళ్లెంలో ఆవిరికి ఉడికించే ఆ ఇడ్లీకి ఆ ఊరు పెట్టింది పేరు. రెండు తిన్న పిల్లవాడు మధ్యాహ్నం దాకా ఆకలనడు.

నగరం దాటడమే అసలు పని

కుప్పం వాళ్లకు ఒక మంచి మార్గం ఏర్పడింది. 2023 అక్టోబరు 9 నుంచి బెంగళూరు మెట్రో పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఏకబిగిన నడుస్తోంది. 43 కిలోమీటర్ల పైచిలుకు దారి. కుప్పంలో రైలెక్కి వైట్‌ఫీల్డులో దిగితే మెట్రో స్టేషను దగ్గర్లోనే. చల్లఘట్ట మైసూరు రోడ్డు వైపే ఉంది. అక్కడి నుంచి బిడదికి బస్సో, ఆటోనో. ట్రాఫిక్‌లో ఎంతసేపు చిక్కుకుంటామో చెప్పలేని కారుకన్నా, ఎప్పుడు చేరుస్తుందో తెలిసిన రైలు నయం. మదనపల్లె, పుంగనూరు వాళ్లు కూడా కారును నగరానికి తూర్పునే ఆపి మెట్రో ఎక్కే ఆలోచన చేయొచ్చు.

తిరుగు ప్రయాణం గురించి గట్టిగా చెప్పాలి. వేకువన మూడింటికి లేచి, రోజంతా ఎండలో తిరిగి, 6 తర్వాత మైసూరు రోడ్డు రద్దీలో పడి, అర్ధరాత్రి హోస్కోటె దాటి బండి నడిపే నాన్నకు నిద్ర రాకుండా ఉంటుందా? గేటు తొందరగా మూసిన రోజు ‘ఇంకా టైముంది, ఇంటికే పోదాం’ అనిపిస్తుంది. ఆ మాట వినకండి. బంధువుల ఇంట్లోనో, లాడ్జిలోనో పడుకుని తెల్లారి బయల్దేరండి. మర్నాడు మంగళవారం కాకపోతే బన్నేరుఘట్ట జంతు ప్రదర్శనశాల చూడొచ్చు. అక్కడ మంగళవారం సెలవు.

మే, జూన్ సాయంత్రాల్లో బెంగళూరులో ఉరుములతో వాన పడటం మామూలే. మెరుపులు కనిపిస్తే ఎత్తయిన రైడ్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. అందుకే ఆకాశం తేటగా ఉన్న పూటే ఆరుబయటి పెద్ద రైడ్లు ముగించుకోవాలి. పైకప్పు ఉన్నవాటిని సాయంత్రానికి మిగుల్చుకోవాలి.

చీకటి పడ్డాక మన సీమ

పార్కులు పొద్దుగూకితే మూసుకుంటాయి. మన తిరునాళ్లు పొద్దుగూకితే తెరుచుకుంటాయి. మే నెలలో కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర. పుంగనూరుకు తన సుగుటూరు గంగమ్మ జాతర ఉంది. జాతరంటే రంగులరాట్నం, జెయింట్ వీల్, బొరుగులు, మిఠాయిలు, రాత్రంతా జనం. ఇక భారతం సంగతి చెప్పనే అక్కర్లేదు. ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజుల మహాభారత యజ్ఞం మన ప్రాంతంలో ఎన్నో పల్లెల్లో ఇప్పటికీ నడుస్తోంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరి రోజు నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ విగ్రహం దగ్గర వధ, సాయంత్రం అగ్నిగుండం. టికెట్టు లేదు, ఎత్తు కొలవరు, అవ్వ ఒళ్లో పసిబిడ్డ నుంచి అందరికీ చోటుంది.

పిల్లలకు రెండూ కావాలి. బిడదిలో ఆరింటికి ఆగిపోయిన సరదాకు బదులు అదే వారం ఊళ్లో భారతానికి తీసుకెళ్లండి. ఎండ తగ్గని మే నెలలో ఇంకో రోజు హార్స్‌లీ కొండకు పోవచ్చు. మదనపల్లె నుంచి గంట ప్రయాణం, 4,000 అడుగుల పైన చల్లగాలి, గాలిబండ మీద సాయంత్రం. ఒక్క పార్కు రోజు మీదే సెలవుల బరువంతా మోపితే, ఆ రోజు గంట తగ్గినా ఇల్లంతా చిన్నబోతుంది.

పార్కులు చేయాల్సిన పని

డబ్బు తీసుకునే ముందే వేళలు చెప్పడం దయ కాదు, బాధ్యత. ఆన్‌లైన్‌లో టికెట్టు కొనే తెర మీదే ఆ తేదీకి మూసే వేళ, నీటి రైడ్లు ఆపే వేళ, మరమ్మతులో ఉన్న రైడ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉండాలి. టికెట్టు కొన్నాక వేళలు కుదిస్తే తేదీ మార్చుకోవడానికో, డబ్బు వెనక్కి తీసుకోవడానికో వీలుండాలి. మూసే వేళకు వరసలో ఉన్నవాళ్లను ఎక్కిస్తారా, లేదా అన్నది గేటు దగ్గరే చెప్పాలి. మనమూ అడగాలి. టికెట్టు కొన్న రోజు తెర మీద కనిపించిన వేళలను ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చెప్పినదానికన్నా ముందే మూసి, జవాబు చెప్పకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పార్కు కర్ణాటకలో ఉన్నా, ఫిర్యాదు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు.

సరిహద్దు ఇవతలి నుంచి ఇంతమంది వెళ్తున్నప్పుడు ఆ వేళల బోర్డు కన్నడం, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ పెట్టమని అడగడం కూడా న్యాయమే. కుప్పం నుంచి వచ్చిన అవ్వ చదువుకుని, ‘నీళ్ల ఆటలు ముందు ఆపేస్తారంట, అటు పోదాం పదండిరా’ అని పిల్లల్ని నడిపించగలగాలి.