గూడు చూసి సాలెపురుగును గుర్తుపట్టండి

కె.జి.ఎఫ్. చుట్టుపక్కల, కోలారు జిల్లా బీళ్ళలో తుమ్మ, రేగు కంపల మీద పాత గుడ్డపీలికల్లా వేలాడే బూడిదరంగు గూళ్ళు చూసే ఉంటారు. చెట్టుకు తెగులు పట్టిందనుకొని కొందరు నిప్పంటిస్తారు. తొందరపడకండి. అది సాలెపురుగుల ఉమ్మడి కాపురం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్టెగోడిఫస్ సరసినోరం. మన పొరుగున కుప్పం ప్రాంతంలో వీటిపై పరిశోధనలు కూడా జరిగాయి. పదులు, వందలుగా ఒకే గూటిలో ఉంటాయి. వలలో మిడత పడితే కలిసి లాగి, కలిసి తింటాయి. సాలెపురుగుల్లో ఇలాంటి పొత్తు చాలా అరుదు. పిల్లలు మాత్రం చివరకు పెంచిన తల్లినే తినేస్తాయి. వినడానికి కష్టంగానే ఉంటుంది మరి!

మిగతావాటికీ గూడే ఆనవాలు. గుండ్రటి వల నడుమ తెల్లటి ఇంటూ గుర్తు అల్లుకొని, తలకిందులుగా కూర్చునేది ఆర్జియోప్. మా తరగతి పిల్లలు దాన్ని గుణకారం పురుగంటారు. మంచు కురిసిన ఉదయం గడ్డి మీద తెల్లని దుప్పటి, దాని చివర గరాటులాంటి సొరంగం కనిపిస్తే అది హిప్పాసా. వలే లేకుండా, వెనుక గుడ్ల సంచి మోస్తూ నేలమీద పరుగెత్తేది తోడేలు సాలెపురుగు.

చేలో కంప కొట్టవలసివస్తే, గూడున్న కొమ్మను మాత్రం విడిగా నరికి పక్క పొద మీద పెట్టండి. గూట్లో వేలు పెట్టకండి.