సింకుకు ఒక తొట్టా, రెండు తొట్లా? – ఉక్కు ఊళ్లో అపోహలు, వాస్తవాలు

జంషెడ్‌పూర్‌లో కంపెనీ క్వార్టరు వదిలి సోనారిలోనో, మానగోలోనో సొంత ఫ్లాటు తీసుకున్న తెలుగు కుటుంబం వంటింటి ప్లాను ముందేసుకుని కూర్చుంటే పొయ్యి ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ అన్నవి త్వరగానే తేలిపోతాయి. సింకు దగ్గరే చర్చ ముదురుతుంది. డబుల్ బౌల్ అయితేనే వంటిల్లు నిండుగా ఉంటుందని ఒకరు, సింగిల్ బౌలే సుఖమని ఇంకొకరు. మధ్యలో ప్లంబరు సలహా ఒకటి, శ్రీకాకుళం నుంచి వాస్తు తెలిసిన బంధువు ఫోన్లో చెప్పేది మరొకటి. వీటిలో కొంత నిజం లేకపోలేదు. వినికిడి మాటలే ఎక్కువ.

అన్నిటికంటే ముందు ఈ ఊరికే చెల్లిన అపోహ ఒకటుంది. "ఉక్కు ఊళ్లో ఉంటూ స్టీలు సింకు గురించి ఇంకెవర్నో అడగాలా? ఇక్కడ తయారైన స్టీలే కదా!"

కాదు. 1907లో ఏర్పడి, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మ పోసిన టాటా కంపెనీ జంషెడ్‌పూర్‌లో తీసేది ప్రధానంగా కార్బన్ స్టీలు. ఇంటి స్లాబులోకి వెళ్లే కమ్మీలు, కార్ల రేకులు ఆ కోవలోవి. ఇదే ఊళ్లోని గోల్మురిలో 1920లలో మొదలైన టిన్‌ప్లేట్ కంపెనీ రేకు డబ్బాలకు తగరం పూత వేసిన రేకులు చేసింది. సింకుకు కావలసిన స్టెయిన్‌లెస్ స్టీలు వేరే జాతి. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. మన దేశంలో దాన్ని తయారుచేసే పేరున్న కర్మాగారాలు హర్యానాలోని హిసార్‌లో, ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, తమిళనాడులోని సేలంలో ఉన్నాయి. విచిత్రమేమంటే ఆ క్రోమియం ముడి ఖనిజం మాత్రం జార్ఖండ్ పొరుగునే దొరుకుతుంది. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో 90 శాతానికి పైగా ఒడిశాలోని సుకిందా లోయలోనే ఉన్నాయి.

అలాగని స్టెయిన్‌లెస్‌తో జంషెడ్‌పూర్‌కు అసలు చుట్టరికమే లేదనుకోవడం కూడా తప్పే. బర్మా మైన్స్ దగ్గర, 1950 నవంబర్ 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉంది. నికెల్ కోసం విదేశాల మీద ఆధారపడవలసి వచ్చిన ఆ తొలి దశాబ్దాల్లో, నికెల్ లేకుండా మాంగనీస్, నైట్రోజన్ కలిపి స్టెయిన్‌లెస్ స్టీలు చేయడం ఎలాగో అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధించారు. నేటి సింకు కొనుగోలుదారుకు ఇది పాతకథ కాదు. దుకాణంలో 304, 202 అంటూ చెప్పే గ్రేడుల మధ్య తేడా అంతా ఆ నికెల్, మాంగనీస్ లెక్కే. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ 4 నుంచి 6 శాతానికి తగ్గి, ఆ లోటును మాంగనీస్ పూడుస్తుంది. నికెల్ ఖరీదైనది కాబట్టి 202 చవక. కాకపోతే ఉప్పుకు, పులుపుకు అది 304 తట్టుకున్నంతగా తట్టుకోదు.

ఇక్కడే అయస్కాంతం రంగంలోకి దిగుతుంది. "అయస్కాంతం అంటుకోకపోతే అసలు సిసలు 304" అన్న మాట సాక్చి బజారు నుంచి విజయనగరం దాకా చలామణీలో ఉంది. ఆ పరీక్ష సగమే పనిచేస్తుంది. నికెల్ లేని 430 రకానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది కాబట్టి దాన్ని పట్టేయవచ్చు. 202కు కూడా అయస్కాంతం అంటుకోదు. అంటే ఏ రెండింటి మధ్య తేడా తెలుసుకోవాలని కొనేవాళ్లు అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్తారో, ఆ రెండింటినే అది విడదీయలేదు. పైగా, రేకును ప్రెస్సులో లోతుగా లాగి తొట్టిగా మలిచినప్పుడు మూలల దగ్గర 304 కూడా కొద్దిగా అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. మూలలో అయస్కాంతం కాస్త లాగిందని మంచి సింకును వెనక్కి తోసేసేవారికి ఈ సంగతి తెలియాలి. గ్రేడు ముద్ర, బిల్లు మీద గ్రేడు పేరు, గృహ సింకులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 13983 ప్రస్తావన – నమ్మదగిన దారి ఇదే.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనే పట్టదనుకోవడం దీనికి తోడబుట్టిన అపోహ. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనబడనంత పలచని పొరగా లోహాన్ని కప్పి ఉంచుతుంది. గీత పడినా ఆ పొర తిరిగి అల్లుకుంటుంది. క్లోరైడు మాత్రం దాని శత్రువు. ఊరగాయ ఉప్పు రాత్రంతా తొట్టిలో నిలిచినా, బ్లీచింగ్ ద్రావణం పోసి మరిచిపోయినా సన్నని గుంటలు పడతాయి. కొత్త ఫ్లాట్లలో ఇంకో దుర్ఘటన మామూలు: టైల్స్ మీది సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు యాసిడ్ పోసి కడుగుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి తగిలినా చాలు, ఒక్కరోజు వాడని సింకు కూడా గోధుమరంగు తిరుగుతుంది. నింద మాత్రం సింకు కంపెనీ మీద పడుతుంది. తడి తొట్టిలో వదిలేసిన ఇనుప పీచు, ఇనుప పెనం మిగిల్చే మరకలూ ఇలాంటివే. ఆ తుప్పు సింకుది కాదు, ఇనుముది. బోరు నీళ్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో తెల్లని చారికలు కనిపిస్తే అవి నీళ్లలోని సున్నం. నిమ్మచెక్కకు లొంగుతాయి.

ఇంతకీ ఒకటా, రెండా? "రెండు తొట్లు అంటే రెట్టింపు చోటు" అనే మాటను టేపుతో కొలిచి చూస్తే సరిపోతుంది. బజారులో తరచూ కనిపించే డబుల్ బౌల్ కొలత 37×18 అంగుళాలు. అంచులు, నడిమి గట్టు పోగా ఒక్కో తొట్టికి దక్కేది సుమారు 16 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ముందువెనకలు. 24×18 సింగిల్ బౌల్‌లో లోపలి చోటు సుమారు 22×16. ఇప్పుడు పిడితో కలిపి 20 అంగుళాలుండే దోశె పెనాన్ని తెచ్చి చూడండి. ఒంటి తొట్టిలో అది వెల్లకిలా పడుకుంటుంది. జంటలో ఏదో ఒక తొట్టిలో పెడితే పిడి గట్టు మీదికి లేస్తుంది, నీళ్లు తోమేవాళ్ల చీర మీదికి వస్తాయి. 15 అంగుళాల బూరెల మూకుడైతే దిగనే దిగదు. మొత్తం వైశాల్యం ఎక్కువే, నిజం. కానీ గిన్నె కడిగేది మొత్తం వైశాల్యంలో కాదు, ఒక్క తొట్టిలో.

ప్లాట్‌ఫారం మీద పోయే చోటును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏడడుగుల ప్లాట్‌ఫారం అంటే 84 అంగుళాలు. మూడు బర్నర్ల పొయ్యికి 30 పోతే, 37 అంగుళాల సింకు పెట్టాక మిగిలేది 17. కత్తిపీటకూ చపాతీ పీటకూ మిక్సీకీ కలిపి అంతే. సింగిల్ బౌల్ అయితే 30 అంగుళాలు మిగులుతాయి. పన్నెండడుగుల ప్లాట్‌ఫారం ఉన్నవారికి ఈ గొడవే లేదు.

మన ఇళ్లలో డబుల్ బౌల్‌ను ఎక్కువగా అమ్మిపెట్టేది శుభ్రత. "అంట్లు ఒకదానిలో, కూరగాయలు ఒకదానిలో; ఎంగిలి కలవదు" అంటారు. మడి, ఆచారం పాటించే పెద్దలున్న ఇంట్లో ఈ వాదనకు తిరుగుండదు. ప్రపంచంలో ఇతరులకూ ఇలాంటి పట్టింపు ఉంది: మాంసాన్నీ పాలనూ కలపకూడదనే నియమం పాటించే యూదుల ఇళ్లలో కొందరు రెండు వేర్వేరు సింకులే పెట్టుకుంటారు. తొట్టి కాదు, సింకు. ఆ తేడా గమనించదగ్గది. ఎందుకంటే మన బజారు డబుల్ బౌల్‌లో పైన రెండు తొట్లున్నా, అడుగున రెండు గొట్టాలూ కలిసి సాధారణంగా ఒకే ట్రాప్‌లోకి (సింకు కింది వంపు గొట్టంలోకి), ఒకే మురుగు పైపులోకి వెళ్తాయి. ఆ కలిసిన చోటు తర్వాత మెతుకులో, జిడ్డో అడ్డుపడితే అంట్ల తొట్టి మురికి నీరు కూరగాయల తొట్టిలోంచి పైకి వస్తుంది. కొత్తిమీర కడిగే చోట సాంబారు నీళ్లు తేలిన ఇల్లాలికి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. విడివిడిగా ఉండాలనుకునేవారు ప్లంబర్‌తో రెండు ట్రాప్‌లు పెట్టించాలి. సింకు దుకాణం ఆ పని చేసిపెట్టదు.

చికెను, చేపల విషయంలో నడిమి గట్టు మీద పెట్టుకున్న నమ్మకం ఇంకా పెద్దది. అమెరికా వ్యవసాయ శాఖ, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ కలిసి చేసి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, పచ్చి చికెన్‌ను కడిగినవారిలో 60 శాతం మంది సింకుల్లో ఆ తర్వాత బ్యాక్టీరియా కనిపించింది. 26 శాతం మంది విషయంలో అది పక్కన తయారవుతున్న సలాడ్ ఆకులకూ చేరింది. కుళాయి ధార కింద మాంసం కడిగితే తుంపరలు ఎగిరి పడతాయి. అంగుళమో, అంగుళమున్నరో ఉన్న గట్టు వాటిని ఆపలేదు. మన వంటల్లో మాంసం కడగడం మానరు కాబట్టి, కనీసం లోతైన గిన్నెలో, సన్నని ధారతో కడిగి, తర్వాత సింకును సబ్బుతో తోమడం మేలు. తొట్లు ఒకటైనా, రెండైనా ఈ పని తప్పదు.

"డబుల్ బౌల్ నీళ్లు ఆదా చేస్తుంది." ఈ మాట పుట్టిన చోట నిజమే. పాశ్చాత్య వంటిళ్లలో ఒక తొట్టి నిండా సబ్బు నీళ్లు, రెండోదాని నిండా మంచినీళ్లు పట్టి, గిన్నెను ఇందులో తోమి అందులో ముంచి తీస్తారు. ఒక్కో తొట్టిలో నాలుగు అంగుళాల ఎత్తున నీళ్లు పడితే 15 లీటర్లు. రెండూ కలిపి 30 లీటర్లలో అంట్లన్నీ తెమిలిపోతాయి. నిమిషానికి 8 లీటర్లు ఇచ్చే కుళాయిని పది నిమిషాలు వదిలేస్తే 80 లీటర్లు. లెక్క బాగుంది. కానీ తెలుగింట్లో ఎవరు అలా తోముతారు? ఒకసారి గిన్నె ముంచిన నీళ్లలో ఇంకో గిన్నె ముంచడం మనకు సయించదు. పీచుకు సబ్బు రాసి తోమి, పారే నీళ్ల కింద తొలచాల్సిందే. అలా తోమే ఇంట్లో రెండో తొట్టి ఒక్క చుక్కనూ మిగల్చదు. సబ్బు రాసేటప్పుడు కుళాయి కట్టేయడం, ధార తగ్గించే జాలీ బిగించడం మిగులుస్తాయి. డబుల్ బౌల్ మీద మన అపోహలు చాలావరకు ఇక్కడినుంచే పుట్టాయి. సింకు వచ్చింది గానీ, అది ఏ అలవాటు కోసం పుట్టిందో ఆ అలవాటు దానితో రాలేదు.

అయితే మన అలవాట్లే డబుల్ బౌల్‌కు ఇంకో బలమైన కారణం సమకూర్చాయి, దాన్ని దుకాణదారులు చెప్పరు. రాత్రి అంట్లు పొద్దున్న పనిమనిషి వచ్చేదాకా సింకులోనే ఉంటాయి. పొద్దున్నవి మధ్యాహ్నం దాకా. ఒంటి తొట్టి ఉన్న ఇంట్లో ఆ గుట్ట మీదే బియ్యం కడగాలి, చేతులు కడుక్కోవాలి. ఉద్యోగాలకు పరుగెత్తే ఇద్దరు, బడికెళ్లే పిల్లలు, రోజుకు ఒక్కసారే వచ్చే పనిమనిషి: ఇలాంటి ఇంట్లో రెండో తొట్టి రోజంతా ఖాళీగా ఉండి అందరి పనీ నడిపిస్తుంది. పండగపూట ఇద్దరు ముగ్గురు ఆడపడుచులు ఒకేసారి వంటింట్లో మసిలే కుటుంబాలకూ అంతే. అంట్లు వెనక వసారాలోనో, బాల్కనీలోనో కింద కూర్చుని తోమించుకునే ఇళ్లకు ఈ సమస్య లేదు, ఆ అవసరమూ లేదు.

లోతు ఎంత ఉంటే అంత మంచిదనేది సగం నిజం. లోతు తక్కువైతే నీళ్లు చిందుతాయి. కానీ 34 అంగుళాల ప్లాట్‌ఫారంలో పది అంగుళాల తొట్టి బిగిస్తే అడుగు నేలకు 24 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. అరగంట వంగి తోమితే నడుం పట్టేస్తుంది, పొడవైనవారికి మరీను. చాలామందికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు సరిపోతాయి.

గేజ్ విషయంలో తికమక సులభంగా తీరుతుంది. అంకె పెరిగితే రేకు పలచబడుతుంది. 16 గేజ్ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 18 దాదాపు 1.2, 20 దాదాపు 0.9. "ఇరవై గేజండీ, మందం ఎక్కువ" అని ఎవరైనా అంటే మిల్లీమీటర్లలో చెప్పమనండి. నీళ్లు పడినప్పుడు డప్పులా మోగేది పలచని రేకు. అడుగున రబ్బరు పట్టీలు ఉంటే ఆ మోత తగ్గుతుంది.

వాస్తు గురించి రెండు ముక్కలు. నీళ్లు ఈశాన్యంలో, నిప్పు ఆగ్నేయంలో అనే సూత్రం పాటించాలనుకునేవారు పాటించవచ్చు. ఫ్లాట్లలో అది మురుగు పైపు ఎక్కడ దిగుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. తొట్ల సంఖ్య గురించి మాత్రం ఆ శాస్త్రం ఏమీ చెప్పలేదు. వంటింటి సింకే లేని కాలపు శాస్త్రమది.

రెండింటికీ మధ్యేమార్గం ఉంది. నడిమి గట్టు సగం ఎత్తే ఉండే రకాలు కొన్ని దొరుకుతాయి, పెనం పిడి దాని మీదుగా పడుకుంటుంది. సింగిల్ బౌల్ కొన్నవారు అందులో ఒక ప్లాస్టిక్ టబ్బు దించితే అవసరమైనప్పుడు రెండు తొట్లు అవుతాయి. డబుల్ బౌల్ గట్టును తీసేసే ఉపాయం మాత్రం లేదు. డిష్‌వాషర్ ఉన్న ఇంట్లో చిన్న గిన్నెలు అందులోకే పోతాయి కాబట్టి, సింకుకు మిగిలేవి కుక్కరు, మూకుడు, ఇడ్లీ పాత్ర. వాటికి పెద్ద ఒంటి తొట్టే నయం.

కంపెనీ క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ వంటిల్లు ఎలా ఉంటే అలా సర్దుకుపోయినవారికి, రిటైరయ్యాక సొంత ఫ్లాటు కొన్నప్పుడే ఈ ప్రశ్న ఎదురవుతుంది. అప్పటికి పిల్లలు హైదరాబాద్‌లోనో, పుణేలోనో ఉంటారు, ఇంట్లో ఇద్దరే మిగులుతారు. రోజువారీ గిన్నెలు పదో పన్నెండో. సంక్రాంతికి వచ్చే పదిమంది కోసం 45×20 జంట తొట్టి పెట్టించుకుంటే, మిగతా నెలలన్నీ అందులో ఒకటి ఆరబెట్టిన గిన్నెల బుట్టకు చోటవుతుంది. అంతకంటే పక్కన డ్రెయిన్‌బోర్డు ఉన్న సింగిల్ బౌల్ ఆ ఇంటికి నప్పుతుంది. ఏది ఎంచుకున్నా, గ్రానైట్ కోయించే ముందే సింకును ఇంటికి తెప్పించి, ఇంట్లోని అతి పెద్ద పాత్రను అందులో ఒకసారి పెట్టి చూడాలి. ఒకే 24×18 అని రాసి ఉన్నా కంపెనీని బట్టి లోపలి కొలతలు, అంచు వెడల్పు మారతాయి. రాయి ఒకసారి కోశాక సింకు మార్చడమంటే ప్లాట్‌ఫారం మార్చడమే.