పలాస మైదానము నుండి దక్షిణ మండలము దాక

శ్రీకాకుళము జిల్లాలో బలమును గూర్చి మాట వచ్చెనా, కోడి రామమూర్తి నాయుడుగారి పేరు రాక మానదు. వారు పుట్టిన వీరఘట్టము 2022 నాటి జిల్లాల పునర్విభజనలో పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినను, వారు మనవారనుకొనుట మేము మానలేదు. శ్రీకాకుళపు క్రీడాప్రాంగణము వారి పేరనే వెలసినది. ఆమదాలవలస దరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్య పతకము గెలిచిన సంగతియు ఇక్కడి చిన్నపిల్లలకు సహితము తెలియును. అయితే జిల్లా కళాశాలల కబడ్డీ జట్టు కడచిన యేడాది ఎవరితో ఆడినది, ఎక్కడ ఓడినది అని పలాస బజారులో అడిగి చూడుడు. పదిమందిలో ఒకరైనను చెప్పగలరో లేదో.

ఒంటరి వీరుని తలచుకొనుట సులువు. పేరొకటి, పతకమొకటి గుర్తున్న చాలును. జట్టును వెంబడించుట అట్టిది కాదు. అందును కళాశాల జట్టును వెంబడించుట మరింత కష్టము. మూడేండ్లు, మహా అయిన నాలుగేండ్లు గడచునప్పటికి ఆడినవారందరును చదువు ముగించి వెడలిపోవుదురు. ఆట చేతికి వచ్చినది, ఇక గెలిపించును అని మనము నమ్ము సమయమునకే కుర్రవాడు పట్టా పుచ్చుకొని రైలెక్కును. మిగులునది బనియను మీది పేరు మాత్రమే. ఆ పేరును పట్టుకొని, ఏటేట క్రొత్త ముఖములను మనవిగా చేసికొనువాడే కళాశాల ఆటల అభిమాని. పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతములలో అట్టివారు లేకపోలేదు. వారికి తోడు మరికొందరు కలుగవలెనను కోరికతో ఈ పోటీల యేర్పాటు ఎట్టిదో వివరించుచున్నాము. ఏర్పాటు తెలియనివానికి ఆట యందలి రుచి సగమే తెలియును.

మొదటి మెట్టు అంతర కళాశాల పోటీలు. మన జిల్లాలోని డిగ్రీ కళాశాలలకు మూలస్థానము ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము. దానికి అనుబంధముగ నున్న కళాశాలలు తమ తమ జట్లను పంపును. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, పరుగు పందెములు ఇందులో ముఖ్యమైనవి. పలాస, కాశీబుగ్గవారు టెక్కలివారితోను, సోంపేటవారు ఇచ్ఛాపురమువారితోను, వీరందరును శ్రీకాకుళము పట్టణపు కళాశాలలతోను తలపడుదురు. మన తీరమునకు ప్రాణమైన ఆట కబడ్డీ. పెద్దలు నేటికిని దానిని చెడుగుడు అనియే యందురు.

ఉద్దానపు పిల్లవాడు ఈ ఆట నేర్చునది జీడిమామిడి తోటల నడుమ, కొబ్బరిచెట్ల నీడలో, ఇసుక నేలపై, వట్టి కాళ్ళతో. ఇసుకలో పాదము దిగబడును. ఈడ్చి పడవేసినను పెద్ద దెబ్బ తగులదు. విశ్వవిద్యాలయముల పోటీలు జరుగునది మ్యాటుపైన. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ఆ పరపుపై బూటు నేలను గట్టిగా కరచుకొనును. మలుపు తిరుగుట వేగిరమగును, పడినచో మోకాలి తోలు లేచిపోవును. ఇసుకపై బలము, మ్యాటుపై ఒడుపు అని పాతకాపులు చెప్పుమాటలో కొంత అతిశయోక్తి యున్నను, నిజమును కొంత కలదు. కూతకు పోయినవానికి గడువు 30 సెకండ్లు. మన ఊరి కుర్రవాడు మొదటి రెండు మూడు కూతలలో తడబడి యుత్తచేతులతో తిరిగివచ్చుట చూచి, వీడు చేతకానివాడని లేచిపోరాదు. నాలుగవ కూతకు వాని పాదము మ్యాటును పోల్చుకొనును. అప్పుడు చూడవలెను వాని యాట.

ఇక్కడ ఒక చిత్రమున్నది. అంతర కళాశాల పోటీలలో గెలిచిన కళాశాల తానుగా పై పోటీలకు పోదు. అన్ని కళాశాలల ఆటగాండ్ర నుండి మేలైనవారిని ఏరి, విశ్వవిద్యాలయము పేరిట ఒక్క జట్టును కూర్తురు. కబడ్డీకైనచో పండ్రెండుగురు. ఓడిన కళాశాలలోని వాడైనను నేర్పరి యైనచో అందులో చోటు దక్కును. కనుక బుధవారమునాడు టెక్కలి కుర్రవాడు మన పలాసవానిని నడుము పట్టి పడవేసెనని గోలచేసినవారము, శుక్రవారమునకు వాని పేరు జట్టులో చూచి చప్పట్లు కొట్టవలెను. ఈ రెండు రోజుల తేడాలో మనసు మార్చుకొనలేనివాడు ఈ ఆటలకు తగిన అభిమాని కాడు. మేమును మొదట్లో కొంత బాధపడినవారమే.

ఇప్పుడు కొంచెము వెనుకకు పోవలెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరునకు తరలినది. ఆ నాటికి టెక్కలి, పలాస ప్రాంతములు గంజాం జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు ఇవి విశాఖపట్టణము జిల్లాలో కలిసినవి. 1950లో శ్రీకాకుళము వేరు జిల్లా యైనది. జిల్లాలు ఇన్ని మారులు మారినను కళాశాలలకు విశ్వవిద్యాలయము మాత్రము వాల్తేరుదే. అనగా ఉద్దానపు పిల్లవాడు విశ్వవిద్యాలయ జట్టులో చేరవలెనన్నచో విశాఖపట్టణము, విజయనగరము మొదలుకొని గోదావరి జిల్లాల వరకు గల కళాశాలల పిల్లలతో పోటీపడవలసి యుండెను. వారికి మైదానములున్నవి, శిక్షకులున్నారు. మనవానికి ఇసుక యున్నది. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము, 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయము వెలసిన తరువాత ఈ పరిస్థితి మారినది.

ఈ మార్పు మేలా, కీడా యని మావారిలో వాదము కలదు. వాల్తేరు బనియను ధరించుటలో ఒక గౌరవముండెను, ఆ పేరు విన్నంతనే ఎదుటి జట్టు జాగ్రత్తపడెడిది, ఇప్పుడు చిన్న విశ్వవిద్యాలయమై తొలి దినముననే ఓడి వచ్చుచున్నాము అని కొందరందురు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. పెద్ద జట్టు బలము పెద్దదే. కాని మేము ఇంకొక లెక్క చూచుచున్నాము. వెనుక జిల్లా మొత్తము నుండి ఒకరో ఇద్దరో పోవుటకు తావున్న చోట, నేడు పండ్రెండు స్థానములును మన జిల్లా పిల్లలవే. మగపిల్లలకు పండ్రెండు, ఆడపిల్లలకు పండ్రెండు. వాలీబాల్, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్ జట్లు వేరు.

ఆ స్థానమునకు ఎంత విలువ యో తెలియవలెనన్నచో ఒక కాగితమును గూర్చి చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వ కొలువులలో క్రీడాకారుల నియామకమునకు గల నియమముల ప్రకారము, అంతర విశ్వవిద్యాలయ పోటీలలో తన విశ్వవిద్యాలయము పక్షమున ఆడినవారికి ఒక ధ్రువపత్రము లభించును. దానిని మూడవ నమూనా యందురు. మొదటిది దేశము పక్షమున ఆడినవారికి, రెండవది రాష్ట్రము పక్షమున ఆడినవారికి, నాలుగవది జాతీయ పాఠశాలల ఆటలలో ఆడినవారికి. మూడవ నమూనా చేతనున్నంతనే ఉద్యోగము వచ్చునని కాదు. శాఖను బట్టి, కొలువును బట్టి ఇంకను నిబంధనలుండును. కాని తలుపు తట్టుటకు అర్హత కలుగును. కళాశాలలో ఎంత బాగుగ ఆడినను, విశ్వవిద్యాలయ జట్టులో చేరనివానికి ఆ కాగితము లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి ఎల్లరకు తెలిసినదే. కొబ్బరి మొక్క నాటినచో కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. ఆ యేడాది కళాశాలలో చేరిన పిల్లవాడు చదువు ముగించు నాటికిని ఇంటి వెనుక మొక్క గెల వేయలేదన్న మాట. దీనికి తోడు మూత్రపిండముల వ్యాధితో ఇంటి పెద్ద మంచము పట్టిన కుటుంబములు ఆ ప్రాంతమున అనేకములు. అట్టి యింటి పిల్లవాడు మధ్యాహ్నము ఆటకు పోవుట, కూలికి పోకుండుట అను రెండును ఒక్కటే. వానికి ఆట వినోదము కాదు. మైదానము ప్రక్కన నిలిచి చూచువారు పదిమంది యున్నచో ఇంటివారికి సయితము అది పనికివచ్చు పనిగ కనబడును. చూచువారు లేనిచోట వాడు రెండవ యేట మానివేయును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. మన రచ్చ దక్షిణ మండలము. ఈ పోటీలను నడుపునది భారత విశ్వవిద్యాలయముల సంఘము. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగ మొదలైన సంస్థయే ఇది. దేశమును ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలములుగ విభజించి, ప్రతి మండలము నుండి మొదటి నాలుగు జట్లను అఖిల భారత పోటీలకు పంపుదురు. దక్షిణ మండలమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ విశ్వవిద్యాలయములున్నవి. ఆట మొదట నాకౌట్ పద్ధతి, అనగా ఒక్కమారు ఓడిన ఇంటికి పోవలసినదే. నాలుగు జట్లు మిగిలిన పిదప లీగు పద్ధతి. 64 జట్లు వచ్చినవనుకొందము. వరుసగా నాలుగు ఆటలు గెలిచిన జట్టే చివరి నాలుగింటిలో నిలుచును. మూడు గెలిచి నాలుగవది ఓడిన జట్టు ఎనిమిదింటిలో ఒకటై కూడ ఖాళీ చేతులతో వచ్చును. వార్తాపత్రికలో దాని పేరు కనబడదు. ఒక పగలు, ఒక రాత్రి రైలులో కూర్చుండి పోయి, నలుబది నిమిషముల ఆటలో ఓడి, మరునాడే తిరుగు రైలెక్కు జట్లు ప్రతి యేడాదియు అనేకములు. కనుక ట్రోఫీ వచ్చినదా యని అడుగుట సరియైన ప్రశ్న కాదు. నిరుడు ఒక ఆట గెలిచినవారు ఈ యేడు రెండు గెలిచిరా యని అడుగవలెను.

ఈ మండలముల విభజనలో మా ప్రాంతమునకు ఒక వింత కలిగినది. పలాసకు విశాఖపట్టణము కంటె బరంపురమే దగ్గర. ఇచ్ఛాపురమువారికైతే అది పొరుగూరే. బరంపురమున తెలుగువారు కొల్లలు. పెండ్లి సంబంధములు, వ్యాపారములు ఇటునటు సాగుచునే యున్నవి. కాని 1967లో స్థాపితమైన బరంపురము విశ్వవిద్యాలయము ఒడిశాలోనిది గనుక తూర్పు మండలమునకు చేరును. సరిహద్దున కిటునటు ఉండి పండుగలకు కలిసి ఆడుకొను ఇరువురు మేనబావలు విశ్వవిద్యాలయ జట్లలో ఎదురుపడవలెనన్నచో ఇద్దరును తమ తమ మండలములలో మొదటి నాలుగింటిలోనికి రావలెను. టెక్కలిలో మరియొక తమాషా. అక్కడి డిగ్రీ కళాశాల పిల్లవాడు ఎచ్చెర్ల బనియను ధరించును. ఇంజనీరింగు చదువు జె.ఎన్.టి.యు. పరిధిలోనిది గనుక ఆ పిల్లవాని త్రోవ వేరు. ఆ త్రోవయు మొదట హైదరాబాదునకు, 2008 నుండి కాకినాడకు, 2022లో విజయనగరమున జె.ఎన్.టి.యు. గురజాడ ఏర్పడిన పిదప అటువైపునకు మరలినది. ఒకే వీధిలోని అన్నదమ్ములు రెండు జట్లవారగుట సంభవమే. అట్టి యింటిలో తల్లి ఎవరి పక్షమో మేము అడుగలేదు.

అమెరికా దేశమున ఇట్టి మధ్యతరగతి విశ్వవిద్యాలయములు కాన్ఫరెన్సులను పేరిట కూటములుగ నేర్పడి తమలో తాము ఆడుకొనును. మిస్సోరీ వ్యాలీ కూటమి 1907లోను, ఒహాయో చుట్టుపట్ల గల మిడ్ అమెరికన్ కూటమి 1946లోను పుట్టినవి. ఇట్టి విశ్వవిద్యాలయములకు పై చదువులకై పోయిన తెలుగు విద్యార్థులు ఆ ఆటలను చూచి యుందురు. అక్కడ కూటమిలో గెలిచిన విశ్వవిద్యాలయము తానే పై పోటీకి పోవును. పొరుగువారితో కలిసి జట్టు కట్టుట లేదు. బాస్కెట్‌బాల్‌లో 68 జట్లు చేరు జాతీయ పోటీకి ప్రతి కూటమి విజేతకును చోటున్నది. 2018లో, నాడు మిస్సోరీ వ్యాలీ కూటమిలో నున్న చికాగో లయోలా జట్టు చివరి నాలుగింటి వరకు పోయినది. ఆ జట్టు వెంట చక్రముల కుర్చీలో వచ్చిన 98 ఏండ్ల క్రైస్తవ సన్న్యాసిని సిస్టర్ జీన్ ప్రపంచమంతట ప్రసిద్ధురాలైనది. ఆమె కీర్తి ఆ యొక్క యేటిది. ఆ జట్టును గూర్చి ఎవరును పలుకని అనేక సంవత్సరములును ఆమె అక్కడనే యుండెను.

మన పోటీలను చూచుటకు టిక్కెట్టు లేదు, కుర్చీలును తరచుగ లేవు. వానలు వెనుకబడిన పిదప కళాశాలలలో ఆటల కాలము మొదలగును. అంతర కళాశాల పోటీలు ఎక్కడ జరుగునో ఆ యా కళాశాలల వ్యాయామోపాధ్యాయుని అడిగినచో చెప్పుదురు. అడుగువారు అరుదు గనుక సంతోషముగనే చెప్పుదురు. జట్ల పట్టికను ఒక కాగితముపై వ్రాసికొని, ఎవరు ఎవరిపై ఎంత తేడాతో గెలిచిరో గుర్తించుకొనుడు. విశ్వవిద్యాలయ జట్టు పేర్లు వెలువడిన నాడు ఆ కాగితము తీసి చూచినచో, ఏరినవారు సరిగ ఏరిరో లేదో మీకే తెలియును. ఆ పండ్రెండుగురు దక్షిణ మండలమునకు పోయిన తరువాత ఫలితము కొరకు కొంత ఓపిక పట్టవలసి యుండును.

ఒక్క మాట. మేము చూచినంతలో ఆడపిల్లల ఆటలు ఉదయముననే ముగియును. పురుషుల చివరి ఆట సాయంకాలము. జనము మధ్యాహ్నము భోజనములైన పిదప గాని రారు. మందస వైపు నుండియో, వజ్రపుకొత్తూరు వైపు నుండియో తెల్లవారక మునుపే బయలుదేరి వచ్చిన ఆ పిల్లల ఆటకు, తోడు వచ్చిన ఉపాధ్యాయిని, అంపైర్లు, ఎదుటి జట్టు తప్ప చూచువారుండరు. పోవువారు ఉదయమే పొండు.